ల్యాండ్‌లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టుకోవాలంటే ఏది చౌక? (విజయవాడ, గుంటూరు)

సత్యనారాయణపురం_శాస్త్రి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి ఇంట్లో ఉన్న ల్యాండ్‌లైన్ గురించి మీ సలహా కోరుతున్నాను. వీధిలో కాలువ పనుల కోసం తవ్వినప్పుడు భూమిలోని రాగి తీగ దెబ్బతిన్నది. దాన్ని అతికించిన తరువాత కూడా వాన పడితే చాలు, ఫోన్‌లో గరగరమని శబ్దం వస్తోంది, ఒక్కోసారి డయల్ టోనే ఉండడం లేదు. నాన్నగారికి ఎనభై ఏళ్లు దగ్గర పడ్డాయి. చేతిలో పట్టుకునే సెల్‌ఫోన్ ఆయనకు నచ్చదు, తెర మీద వేలు పెడితే ఏదో ఒకటి నొక్కుకుపోతుందని ఆయన ఫిర్యాదు. బల్ల మీద ఫోన్ మోగాలి, రిసీవర్ ఎత్తి మాట్లాడాలి, అంతే. బంధువుల డైరీలన్నిటిలో ఉన్నది ఆ నంబరే. గ్యాస్ బుకింగుకూ బ్యాంకుకూ ఇచ్చినదీ అదే. ఇంట్లో ఇంటర్నెట్ వాడకం పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తప్ప లేదు. ఇప్పుడు నెలకు అద్దె, పన్ను కలిపి కడుతున్నదానికి మించకుండా, అంటే మూడు వందల రూపాయల లోపు, ఇంటర్నెట్ ద్వారా నడిచే ఫోన్ ఏదైనా పెట్టించవచ్చా? కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో కూడా తెలిసినవారు చెప్పగలరు.

బ్రాడీపేట_నాలుగో_లైను:

శాస్త్రి గారూ, ధర సంగతి తరువాత, ముందుగా నంబరు సంగతి తేల్చుకోండి. సెల్‌ఫోన్ నంబరును ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు మార్చుకునే సదుపాయం దేశమంతటా 2011 జనవరిలో వచ్చింది గాని, ల్యాండ్‌లైన్ నంబరుకు ఆ వీలు మన దేశంలో లేదు. కాబట్టి వేరే సంస్థ ఫైబర్ కనెక్షన్ (సన్నని గాజు తీగ మీద వచ్చే ఇంటర్నెట్, ఫోన్ కూడా దాని మీదే వస్తుంది) తీసుకుంటే 0866తో మొదలయ్యే కొత్త నంబరు వస్తుంది, పాతది పోతుంది. నంబరు నిలవాలంటే ఉన్న మార్గం ఒక్కటే. ప్రస్తుతం ఏ సంస్థ లైను ఉందో అదే సంస్థను రాగి తీగ తీసేసి ఫైబర్ వేయమని అడగాలి. ఒకే ఎక్స్‌ఛేంజి పరిధిలో ఇలా మారేవారికి పాత నంబరునే కొనసాగించే పద్ధతి బీఎస్ఎన్ఎల్‌లో ఉంది. కొనసాగించమన్న మాటను దరఖాస్తులోనే రాయించండి. కౌంటరులో నోటితో చెప్పి వచ్చేస్తే కొత్త కనెక్షన్ కింద నమోదు చేసే ప్రమాదం ఉంటుంది, ఆ తరువాత పాత నంబరును వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

పటమట_నెట్:

పై సలహా సరైనదే. ఇక ధరలు. మన ఊళ్లో ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఫోన్ ఇచ్చే సంస్థల్లో జియోలో అన్నిటికన్నా చిన్న ప్లాన్ నెలకు 399 రూపాయలు, ఎయిర్‌టెల్‌ది 499 రూపాయలుగా చాలాకాలంగా నడుస్తున్నాయి. రెండింటిలోనూ దేశంలోని ఏ నంబరుకైనా కాల్స్ ఉచితం. ప్రకటనల్లో కనపడేది పన్ను లేని ధర అని గుర్తుంచుకోండి. 18 శాతం జీఎస్టీ కలిపితే 399 కాస్తా 471 అవుతుంది, 499 అయితే 589. ఏడాదికి లెక్క వేస్తే మొదటిది 5,650 రూపాయలు, రెండవది ఏడు వేలు దాటుతుంది. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి 149 రూపాయల నుంచి అన్నారు. అదే ధర ఈనాటికీ ఉంటుందని అనుకోకుండా మీ వీధి కేబుల్ ఆపరేటరును అడగండి, ఎందుకంటే ఆ కనెక్షన్ ఇచ్చేదీ బాగు చేసేదీ ఆయనే. పని తెలిసిన ఆపరేటరు దొరికితే అంతకన్నా చౌక బేరం ఈ ప్రాంతంలో ఉండదని నా అభిప్రాయం.

పని చేసే తీరు అన్నిటిలోనూ ఒకటే. ఇంట్లో గోడకు బిగించే పెట్టె వెనుక ఇంటర్నెట్ తీగల సాకెట్ల పక్కన ఫోన్ సాకెట్ ఒకటి ఉంటుంది. మీ నాన్నగారి పాత ఫోన్ తీగను అందులో గుచ్చితే చాలు. ఆయన చేతికి తగిలేది పాత ఫోనే, మారేదల్లా గోడ వెనుక ఉన్నదే.

గవర్నర్‌పేట_కొట్టు:

ఇంత తతంగం ఎందుకు? ఒక చౌక సెల్‌ఫోన్ కొని వాట్సాప్ పెట్టిస్తే ఖర్చే ఉండదు కదా.

బ్రాడీపేట_నాలుగో_లైను:

వాట్సాప్ నుంచి మరొక వాట్సాప్‌కు మాత్రమే మాట్లాడగలం. ల్యాండ్‌లైన్‌కు గాని, వాట్సాప్ లేని పెద్దమ్మ కీప్యాడ్ ఫోనుకు గాని కాల్ వెళ్లదు. అన్నిటికన్నా ముఖ్యం, దాని నుంచి 112కు గాని 108కి గాని చేయలేరు. ఎనభై ఏళ్ల మనిషి ఒంటరిగా ఉండే ఇంట్లో బల్ల మీద ఫోన్ ఎత్తి మూడంకెలు నొక్కితే అంబులెన్స్‌కు కాల్ వెళ్లడమనేది చిన్న విషయం కాదు. పైగా చేతిలో ఫోన్ వద్దన్నదే ఆయన మాట.

పాత_లైన్‌మన్_మాచవరం:

నేను టెలిఫోన్ లైన్ల పనిలోనే ఉద్యోగ విరమణ చేసినవాణ్ని. కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతాను.

రాగి తీగ ఫోనుకు కరెంటు ఎక్స్‌ఛేంజి నుంచే వస్తుంది. అక్కడ 48 వోల్టుల బ్యాటరీలు వరుసగా పేర్చి ఉంటాయి, వాటికి తోడు జనరేటరు. ఊరంతా చీకటైనా మీ ఫోన్ మోగడానికి కారణం అదే. ఫైబర్‌లో వచ్చేది వెలుగు. దానితో గంట మోగదు. గోడ మీద ఉన్న పెట్టెకు మీ ఇంటి కరెంటు అందాలి, అది లేకపోతే ఫోన్ లేదు. ఇది ఏ సంస్థ ఇచ్చినా మారని విషయం, కాబట్టి కనెక్షన్ అమ్మేవారు చెప్పకపోయినా మీరు ముందే ఏర్పాటు చేసుకోండి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ఆ పెట్టె ప్లగ్గు ఇన్వర్టరు లైనులో ఉన్న సాకెట్‌లోనే పెట్టించాలి. హాల్లో టీవీ వెనుక ఉండే సాకెట్ చాలా ఇళ్లల్లో ఇన్వర్టరుకు కలిపి ఉండదు, మెయిన్ ఆపి ఒకసారి చూసుకోండి. ఇన్వర్టరు లేనివారికి 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు రెండు వేల రూపాయల లోపే దొరుకుతాయి. కొనేముందు మీ పెట్టె అడాప్టరు మీద అచ్చు వేసిన వోల్టులూ ఆంపియర్లూ యూపీఎస్ మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూడాలి.

రెండవది ఇంటి లోపలి తీగ. మీ ఇంట్లో వరండాలో ఒకటి, లోపలి గదిలో ఒకటి ఫోన్లు ఉంటే, రెండూ గోడ మీద ఉండే తెల్లని చిన్న రోజెట్ డబ్బా నుంచి సమాంతరంగా వెళ్లి ఉంటాయి. కొత్త పెట్టె ఫోన్ సాకెట్ నుంచి ఒక తీగ తెచ్చి ఆ డబ్బాలో కలిపితే రెండు గదుల్లోనూ మోగుతాయి, కొత్తగా గోడలు తొలవక్కర్లేదు. అయితే దానికి ముందు స్తంభం మీద నుంచి వచ్చే పాత రాగి జతను ఆ డబ్బాలో విప్పి, రెండు కొసలకూ టేపు చుట్టి పక్కన పెట్టాలి. అది విప్పకుండా కలిపితే ఎక్స్‌ఛేంజి వోల్టేజీ వెనుక నుంచి వచ్చి కొత్త పెట్టె పోర్టును పాడు చేస్తుంది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చే కుర్రవాళ్లకు ఫైబర్ అతకడం బాగా వచ్చు గాని, రాగి జతను ఎప్పుడూ ముట్టుకోనివారు వారిలో చాలామంది. దగ్గరుండి చేయించండి.

మూడవది. మీ ఫోన్ వేలు పెట్టి తిప్పే పాత రకమైతే ఈ పెట్టెల్లో చాలావాటితో కాల్ రావడమే గాని పోవడం ఉండదు. బటన్ల ఫోనే అయినా పక్కన గాని అడుగున గాని పి, టి అని రాసిన చిన్న మీట ఉంటుంది, దాన్ని టి వైపుకు జరపాలి. ఫోన్ పాడైపోయిందని పారేసిన ఇళ్లలో ఎన్నిటిలోనో ఆ మీట పి వైపు ఉండిపోయింది, అంతే.

సత్యనారాయణపురం_శాస్త్రి:

చాలా ఉపకారం చేశారు. మాది బటన్ల ఫోనే. ఇన్వర్టరు ఉంది గాని టీవీ సాకెట్‌కు లేదని మీరు చెప్పాక చూస్తే తెలిసింది. అయితే ధర దగ్గరే ఆగిపోయాను. ఇంటర్నెట్ అవసరమే లేని ఇంటికి నెలకు 471 కట్టడం న్యాయమా అనిపిస్తోంది.

లక్ష్మీపురం_గుంటూరు:

న్యాయం కాదు. ఇక్కడ నేను అందరితోనూ విభేదిస్తాను. మాట్లాడడం తప్ప మరో అవసరం లేని ఇంటికి ఇంటర్నెట్ ఫోన్ అసలు చౌక కాదు. సిమ్ వేసుకునే బల్ల ఫోన్లు దొరుకుతాయి. చూడడానికి అచ్చం ల్యాండ్‌లైన్ లాగే ఉంటాయి, రిసీవరు, పెద్ద బటన్లు, గట్టిగా మోగే గంట, లోపల బ్యాటరీ కూడా ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా కొన్ని గంటలు ఇబ్బంది లేదు. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎమ్మెస్‌లకే పరిమితమైన రీఛార్జీలు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. 2025 జనవరి నుంచి సంస్థలు వాటిని అమ్ముతున్నాయి. ఎయిర్‌టెల్ అప్పుడు ఏడాది ప్యాక్‌ను 1,849 రూపాయలకు పెట్టింది, అంటే పన్నుతో కలిపి నెలకు సుమారు 154 రూపాయలు. ఫైబర్‌కు ఏడాదికి 5,650, దీనికి 1,849. బల్ల ఫోన్ ఖరీదు కలుపుకున్నా మొదటి ఏడాదిలోనే మిగులు కనిపిస్తుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చౌకగా దొరికే బల్ల ఫోన్లలో చాలా వరకు 2జీ మీద మాత్రమే పని చేస్తాయి. జియోకు 2జీ లేనే లేదు, కాబట్టి ఆ సిమ్ వేస్తే మూగదానిలా కూర్చుంటుంది. అట్ట పెట్టె మీద 4జీ, వోల్ట్ఈ (VoLTE, అంటే 4జీ మీదే మాట్లాడే పద్ధతి) అని రాసి ఉన్నదే తీసుకోండి.

పటమట_నెట్:

లెక్క బాగుంది, కాదనను. కానీ డైరీలన్నిటిలో ఉన్న నంబరు సంగతో? సిమ్ ఫోనులో వచ్చేది పదంకెల సెల్ నంబరు. 0866 నంబరు పోతుంది.

లక్ష్మీపురం_గుంటూరు:

నిజమే, నంబరు పోతుంది. అయితే ఆ నంబరుకు ఇప్పుడు ఎవరెవరు చేస్తున్నారో ఒక నెల రోజులు కాగితం మీద రాసి చూడమనండి. మా ఇంట్లో అలా రాస్తే అప్పులిస్తాం, స్థలాలు అమ్ముతాం అనేవారి తరువాత మిగిలినవారు ఒక చేతి వేళ్లకు సరిపోయారు. వారికి కొత్త నంబరు చెబితే పని తీరింది. బ్యాంకు, గ్యాస్ వాళ్లకు ఓటీపీ కోసం ఎలాగూ సెల్ నంబరే కావాలి. ఎవరి పరిస్థితి వారిది అనుకోండి.

సింగ్‌నగర్_వాసి:

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు మా ఇళ్లలోకి వచ్చినప్పటి అనుభవంతో రెండు మాటలు చెబుతాను. ఫైబర్ తీగ నీటిలో నానినా రాగిలాగా తుప్పు పట్టదు, ఆ విషయంలో అది మేలు. కానీ పెట్టెను నడుము ఎత్తులో బిగించిన ఇళ్లలో పెట్టె, అడాప్టరు, యూపీఎస్ మూడూ మునిగిపోయాయి. పై అంతస్తులో పెట్టుకున్నవారికీ కరెంటు ఆపేసిన తరువాత బ్యాటరీ అయిపోయేవరకే ఫోన్ ఉంది. అందువల్ల పల్లంలో ఉన్న పేటల వారు పెట్టెను తలుపు చట్రం పైన బిగించమని అడగండి, సంస్థ ఏదైనా సరే. ఒకే ఫోన్ మీద ఇల్లంతా ఆధారపడకుండా మాట్లాడడానికి పనికొచ్చే సిమ్ ఒకటి, వేరే సంస్థది, ఛార్జి చేసి ఉంచుకోవడం మంచిది. శాస్త్రి గారి పేటకు ఈ బెడద అంత లేకపోవచ్చు.

మిర్చి_కమీషన్_గుంటూరు:

దీని మీదే నాదీ ఒక ప్రశ్న. యార్డు దగ్గర మాకు కొట్టు ఉంది. సీజనులో రైతులు, బయటి రాష్ట్రాల వ్యాపారులు ఒకేసారి చేస్తారు, ఒకరు మాట్లాడుతుంటే రెండోవారికి లైన్ బిజీ. ఒకే నంబరుకు మూడు నాలుగు ఫోన్లు మోగేలా ఇంటర్నెట్ ఫోనుతో అవుతుందా? ఇంటి ఫైబర్ ప్లాన్ చాలుతుందా?

పటమట_నెట్:

ఇంటి ప్లాన్‌లో ఒక సమయంలో ఒకే సంభాషణ నడుస్తుంది, కాబట్టి చాలదు. మీకు కావలసిన దాన్ని సిప్ ట్రంక్ అంటారు. ఒకే నంబరు మీద ఒకేసారి ఎన్ని కాల్స్ కావాలో అన్ని దారులు ఇస్తారు. ఎయిర్‌టెల్, జియో, టాటా టెలీ వంటి సంస్థలు వ్యాపారాలకు అమ్ముతాయి. కొట్టులో ఉన్న మామూలు ఫోన్లు పారేయనక్కర లేదు, గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ802 వంటి అడాప్టరు ఒకటి పెడితే రెండు పాత ఫోన్లు దానికి తగిలించుకోవచ్చు. కాల్ వస్తే ముందు భాష అడిగి తగిన మనిషికి కలిపే పద్ధతి కావాలంటే ఎక్సోటెల్, మైఆపరేటర్ వంటివారి సేవలు ఉన్నాయి, అయితే చిన్న కొట్టుకు అంత అవసరం ఉండదని నా ఊహ. ముందు రెండు దారులతో మొదలుపెట్టి సీజను చూసి పెంచుకోండి. పాత పద్ధతి కార్డు గీసే యంత్రం గాని, ఫ్యాక్సు గాని ఫోన్ లైను మీద నడుస్తుంటే ఆ సంగతి ముందే సంస్థకు చెప్పాలి. అవి ఇంటర్నెట్ ఫోన్ మీద మొరాయిస్తాయి.

మొగల్రాజపురం_అమ్మ:

మా అబ్బాయి అమెరికా నుంచి చిన్న పెట్టె ఒకటి పంపాడండీ. ఇక్కడి ఇంటర్నెట్‌కు తగిలిస్తే అమెరికా నంబరు మా ఇంట్లో మోగుతుంది, వాడికి లోకల్ కాల్ అవుతుంది. ల్యాండ్‌లైన్ తీసేసి దీనితోనే సరిపెట్టుకోవచ్చా?

బ్రాడీపేట_నాలుగో_లైను:

అమ్మా, మీ అబ్బాయితో మాట్లాడుకోవడానికి అది బాగానే ఉంటుంది. కానీ దానితో మన ఊరి నంబర్లకు చేస్తే అమెరికా నుంచి ఇండియాకు చేసినట్టు ఛార్జీ పడుతుంది, పక్క వీధిలో ఉన్నవారు మీకు చేయాలన్నా వారికి అంతర్జాతీయ కాలే. 108 కూడా కలవదు. మన దేశంలో ఇంటర్నెట్ నుంచి మామూలు ఫోన్లకు కాల్స్ ఇచ్చే పని టెలికాం లైసెన్సు ఉన్న సంస్థలదే. 2018 జూన్‌లో టెలికాం శాఖ స్పష్టత ఇచ్చిన తరువాతే ఆ దారి తెరుచుకుంది, మరుసటి నెలలో బీఎస్ఎన్ఎల్ వింగ్స్ పేరుతో యాప్ ఫోన్ ప్రకటించింది కూడా. కాబట్టి ఆ పెట్టెను ఇక్కడి ల్యాండ్‌లైనుకు కలిపి ఆ కాల్స్‌ను ఇటు మళ్లించే ప్రయోగాలు ఎవరైనా చెప్పినా చేయవద్దు, అది చట్టవిరుద్ధం.

నెట్_ఇంజనీరు_గుణదల:

వేగం గురించి ఒక అపోహ ఈ చర్చలో ఇంకా రాలేదు గాని బజారులో ఎక్కువగా ఉంది, ఫోన్ స్పష్టంగా ఉండాలంటే వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకోమంటారు. ఒక సంభాషణకు మాట 64 కేబీపీఎస్ (ఎంబీపీఎస్‌లో వెయ్యో వంతు కేబీపీఎస్), మాటతో పాటు పంపే అదనపు సమాచారమంతా కలిపితే ఒక్కో దిశలో వంద కేబీపీఎస్‌కు లోపే పడుతుంది. 399 ప్లాన్‌లో ఇచ్చే 30 ఎంబీపీఎస్‌లో అది మూడు వందల్లో ఒక వంతు. మాట చెడేది వేగం తక్కువై కాదు, ఆలస్యం వల్ల. మన మాట అవతలివారి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఒకరి మాట మీద ఒకరు పడడం మొదలవుతుంది. చాలా ఫైబర్ సంస్థలు ఫోన్ మాటకు ఇంటర్నెట్‌తో కలవని వేరే దారి కేటాయిస్తాయి కాబట్టి, పిల్లలు సినిమా చూస్తున్నా, నెల డేటా అయిపోయి వేగం తగ్గినా, పెట్టెకు నేరుగా తగిలించిన ఫోనుకు తేడా రాదు. అదే నంబరును యాప్ ద్వారా సెల్‌ఫోనులో వాడితే మాత్రం వైఫై బలహీనంగా ఉన్న గదిలో మాట తెగుతుంది. నాన్నగారి ఫోనును తీగతోనే ఉంచండి.

సత్యనారాయణపురం_శాస్త్రి:

మీ అందరి మాటలూ నాన్నగారికి చదివి వినిపించాను. లక్ష్మీపురం వారి లెక్క ఆయనకూ నచ్చింది గాని నంబరు వదలనన్నారు, ఆ నంబరు మా అమ్మ పేరు మీద ఉంది. సంస్థ కార్యాలయంలో అడిగితే పాత నంబరుతోనే ఫైబర్ ఇస్తామన్నారు, అన్నిటికన్నా చిన్న ప్లాన్ రాయించాను. కింది వాటాలో అద్దెకున్నవారు వైఫై వాడుకొని సగం ఇస్తామన్నారు. ఆ సర్దుబాటుతో మూడు వందల లోపే పడుతోంది. ఇంకా ఒక సందేహం మిగిలింది. పాత లైనుకు కట్టిన డిపాజిట్ సంగతి ఏమిటి, పాత తీగ ఎప్పుడు తీయించాలి?

బ్రాడీపేట_నాలుగో_లైను:

కనెక్షన్ మార్పిడి కింద ఇస్తే డిపాజిట్‌ను కొత్త ఖాతాలోకి సర్దుతారు. లైను పూర్తిగా సరెండర్ చేసినవారికైతే బాకీలు మినహాయించి తిరిగి ఇస్తారు. ఏదైనా పాత డిమాండు నోటీసు గాని, చివరి బిల్లు గాని దగ్గర పెట్టుకోండి. మీ అమ్మగారి పేరు మీద ఉందన్నారు కాబట్టి ఆవిడ ఆధార్ అడుగుతారు. ఆవిడ లేకపోతే వారసుల పేరుకు మార్చే దరఖాస్తు ముందు పెట్టాలి, అది తేలకుండా ఫైబర్ దరఖాస్తు కదలదు.

పాత_లైన్‌మన్_మాచవరం:

కొత్త ఫోనులో డయల్ టోన్ వచ్చిందని పాత లైనుకు వెంటనే సెలవు చెప్పకండి. టోన్ రావడం వేరు, నంబరు మారడం వేరు. ముందు కొత్త ఫోను నుంచి మీ సెల్‌కు చేసి తెర మీద మీ పాత నంబరే కనపడుతోందా చూడండి, సెల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా నొక్కాలి, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్లన్నిటికీ అది నియమం. తరువాత వేరే సంస్థ సెల్ నుంచి ఆ నంబరుకు చేయండి, ఎందుకంటే ఒక్కోసారి తమ సంస్థ ఫోన్ల నుంచి కలుస్తుంది గాని బయటి సంస్థల నుంచి పాత రాగి లైనుకే వెళుతుంటుంది. మెయిన్ ఆపి ఇన్వర్టరు మీద మరోసారి చేసి చూడండి. ఈ మూడూ సరిపోయాక రోజెట్‌లో రాగి జత విప్పించండి. నాన్నగారి ఫోనులో ఒక్క బటనుకు కలిపి దాచిన నంబర్లు ఉంటే వాటికీ ముందు సున్నా ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చి పెట్టండి.